నాయిన చేతిల చాయ్ గ్లాసు
పోయిన నెల పొద్దుగాల చాయ్ తాగుతుంటే నాయిన చేతిలకెల్లి గ్లాసు జారింది, మూతి ఓ పక్కకు పోయింది, పెద్దమ్మేమో పసరు పోపిద్దాం అంటున్నది. మా ఊరి ఆరెంపీ మాత్రం, పెద్దమ్మా ఇది పక్షవాతం, ఒక్క నిమిషం ఆగొద్దు అని బండెక్కిచ్చి నల్లగొండకు పంపిండు, సీటీ స్కాన్ తీసి మెదడు నరంల నెత్తురు గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చిండ్రు, పక్షవాతం మొదలైన 4.5 గంటల లోపే అది ఇయ్యాలంట!

తర్వాత ఆరెంపీనడిగితే, న్యూరాలజీ, అంటే మెదడు నరాల డాక్టర్ల సంఘమోళ్లు అంతకుముందే జిల్లాకొచ్చి మూతి, చెయ్యి, మాట ఎట్ల చూడాల్నో నేర్పిచ్చిండ్రన్నడు. మెదడు డాక్టర్లంతా హైదరాబాద్‌లనే ఎక్కువాయె, ఊర్లల్ల ముందుగాల చూసేటోళ్లకు నేర్పుడే ఆ సంఘం చేసే అన్నిట్ల పెద్ద పని అంట నేనైతే. నిన్న నాయిన అదే చేత్తోని గ్లాసు పట్టిండు, కొంచెం వణికింది గని ఒలకలే.