నేలకు దూరంగా పన్నెండు రోజులు

మా ఇంట్లో బతుకంతా నేల మీదే సాగుతుంది. కూరగాయలు తరిగేది కత్తిపీట ముందు కూర్చుని, అన్నం తినేది పీట వేసుకుని, సాయంత్రం ఇరుగుపొరుగుతో మాట్లాడేది వీధి అరుగు మీద కాళ్లు మడుచుకుని. కడపలోని చాలా పాత ఇళ్లలాగే మా ఇంట్లోనూ నల్లటి కడప బండలు పరిచి ఉన్నాయి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు ఆ బండల మీద ఒట్టి చాప వేసుకుని పడుకుంటే కలిగే హాయి మంచం మీద దొరకదు. అటువంటి ఇంటికి, కుడి తుంటి కీలు మార్పించుకుని, నేల మీద కూర్చోకూడదన్న కట్టడితో తిరిగి వచ్చినప్పుడు, ఇల్లంతా మూరెడు పైకి లేస్తే తప్ప అందులో నాకు చోటు లేదని మొదటి గంటలోనే అర్థమైంది.

నాకు 62 ఏళ్లు. తుంటి కీలులోని మృదులాస్థి పూర్తిగా అరిగిపోయి, చివరి ఏడాది రాత్రిళ్లు ఎటు ఒత్తిగిలినా నిద్ర పట్టని స్థితి వచ్చింది. ఆపరేషన్ తరువాత వేసుకునే బిగుతు మేజోళ్లను ఎండాకాలంలో భరించలేనని, మాఘమాసంలోనే తిరుపతిలో చేయించుకున్నాను. మరునాడే వాకర్ ఇచ్చి నిలబెట్టారు, నాలుగవ రోజున ఇంటికి పంపారు. తిరుపతి నుంచి కడపకు దాదాపు 140 కిలోమీటర్లు. కారు ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి, మోకాలి కంటే తుంటి ఎత్తుగా ఉండేలా రెండు దుప్పట్లు మడిచి వేసి కూర్చోబెట్టారు. ఎక్కువసేపు కదలకుండా ఉంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కాబట్టి కోడూరులో ఒకసారి, ఒంటిమిట్టలో ఒకసారి ఆపి పది అడుగులు నడిపించారు. ఒంటిమిట్టలో కారు పక్కన నిలబడే కోదండరాముడికి దణ్ణం పెట్టుకున్నాను.

నాకు కీలు వెనుక వైపు నుంచి కోసి ఆపరేషన్ చేశారు. అక్కడి కండరాలు, కీలును పట్టి ఉంచే పొర మానేవరకు తొడ ఎముక పైన అమర్చిన కొత్త బంతి, అది తిరిగే గిన్నెలోంచి జారే అవకాశం ఉంటుంది కనుక మూడు పనులు చేయవద్దని చెప్పారు: తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, ఆ పాదాన్ని లోపలికి తిప్పకూడదు. ముందు వైపు నుంచి చేయించుకున్నవారికి నియమాలు కొంత వేరుగా ఉంటాయి కాబట్టి ఎవరి డాక్టరు చెప్పినది వారు పాటించాలి.

చెప్పడానికి మూడు మాటలే అయినా, అవి మా ఇంట్లో ఎన్ని వస్తువులను తాకాయో చూసి ఆశ్చర్యపోయాను. మా ఆయన మంచం కాళ్ల కింద చెక్క దిమ్మెలు పెట్టించారు. చేతులున్న గట్టి కుర్చీలో మందమైన దిండు వేశారు. పాత మరుగుదొడ్డిని ఆపరేషన్‌కు నెల ముందే తీయించి కమోడ్ పెట్టించాము, దాని మీద ఎత్తు పెంచే సీటు బిగించారు. ఈ పని ముందుగా చేయకపోయి ఉంటే మొదటి రోజు ఏమయ్యేదో తలచుకోలేను. ఈ ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు మందుల చీటీ కంటే ముందు మరుగుదొడ్డి సంగతి చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఇంత చేసినా ఇంటికి వచ్చిన రెండవ రోజే పొరపాటు జరిగింది. చూడటానికి వచ్చిన చుట్టాల ముందు మంచం మీద ఉండటం బాగుండదని హాల్లోని మెత్తటి సోఫాలో కూర్చున్నాను. అది కుంగి మోకాళ్లు తుంటి కంటే పైకి వచ్చాయి. ముందుకు వంగి లేవబోతుండగా మా అమ్మాయి భుజాలు పట్టి ఆపి, "అమ్మా, వంగొద్దు, కాలు ముందుకు చాపు" అంటూ నన్ను మెల్లగా సోఫా అంచు దాకా జరిపి, చేతుల బలంతో లేపింది. ఏమీ కాలేదు గాని, ఆ రాత్రంతా గుండె దడ తగ్గలేదు. ఆ తరువాత ఎవరు వచ్చినా మంచం మీదినుంచే మాట్లాడాను.

పొద్దున్నే బండలు కడగడం కూడా మాన్పించవలసి వచ్చింది. తడిసిన కడప బండ మీద వాకర్ రబ్బరు కాలు కూడా జారుతుంది. గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతే నన్ను లేవనిచ్చేవారు. ఇక గడప. ఈ ఊరి పేరే గడప నుంచి వచ్చిందంటారు. పసుపు పూసి కుంకుమ పెట్టిన గడపను తొక్కకూడదు కనుక దాటవలసిందే. ఫిజియోథెరపిస్టు నేర్పిన ప్రకారం వాకర్‌ను ముందుగా అవతల పెట్టి, ఆపరేషన్ అయిన కాలు దాటించి, తరువాత రెండవ కాలు తేవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయినది ముందు.

పగలు ఎలాగో గడిచేది. కాళ్ల మధ్య దిండు పెట్టుకుని వెల్లకిలా పడుకోవలసిన రాత్రులే కష్టం. తొడ మోకాలి దాకా ఉబ్బి, నీలం మచ్చలు కిందికి దిగాయి. కాలు పొడుగైనట్లు అనిపించేది. ఈ రెండూ మొదట్లో మామూలేనని చెప్పారు. పిక్కలో నొప్పి, పెరుగుతూ పోయే వాపు, ఛాతీ నొప్పి, హఠాత్తుగా ఆయాసం వస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి రమ్మన్నారు. మెలకువగా ఉన్నప్పుడల్లా గంటకు పదిసార్లు పాదాలను ముందుకూ వెనక్కూ ఆడించేదాన్ని. నిద్ర రాని ఒక రాత్రి నా కాలిలో ఉన్నదేమిటో చదివాను. 1962లో ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ అనే డాక్టరు గట్టి పాలిథిలీన్ గిన్నెలో లోహపు బంతిని అమర్చడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆయన టెఫ్లాన్‌తో చేసిన గిన్నెలు కొద్ది ఏళ్లకే అరిగిపోయాయి. ఆయన అక్కడితో ఆగిపోయి ఉంటే నేను ఈపాటికి మంచానికే పరిమితమై ఉండేదాన్ని. ఆ తెల్లవారుజామున ఆ మనిషికి మనసులో నమస్కరించుకున్నాను.

తిండి విషయంలో పెద్ద వాదనే జరిగింది. పప్పు తింటే కుట్టు చీము పడుతుందని, వంకాయ ముట్టవద్దని, పెరుగు చలువని వచ్చినవారంతా చెప్పారు. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలని, పప్పూ గుడ్లూ పెరుగూ మానవద్దని డాక్టరు స్పష్టంగా చెప్పారు. ప్రేమతో చెప్పిన మాటే అయినా దానిని పాటిస్తే నష్టపోయేది రోగి. నేను రోజూ పప్పు తిన్నాను. నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి కాబట్టి కోడూరు బొప్పాయి, నీళ్లు ఎక్కువగా తీసుకున్నాను.

అయితే నన్ను అన్నింటికంటే ఇబ్బంది పెట్టినది మా అత్తమ్మ. ఆమెకు 85 ఏళ్లు, ఇప్పటికీ నేల మీదే కూర్చుంటుంది. నలభై ఏళ్లలో ఆమె కింద కూర్చుని ఉండగా నేను కుర్చీ ఎక్కిన రోజు లేదు. భోజనాల వేళ ఆమె ముందు ఎత్తు కుర్చీలో కూర్చోలేక గదిలోనే తింటానన్నాను. ఆమె తన పీట తెచ్చుకుని నా కుర్చీ పక్కనే వేసుకుని, "నువ్వు పైనే కూచోమ్మా. నాకు కిందైతేనే వాటంగా ఉంటాది" అంది. ఆ పూట సంగటి ముద్ద మింగుడుపడటానికి చాలాసేపు పట్టింది.

పన్నెండవ రోజున కుట్ల పిన్నులు తీశారు. గాయం పొడిగా ఉందన్నారు, మూడు నియమాలను మరికొన్ని వారాలు పాటించమన్నారు. ఆ సాయంత్రం గడప దాటి మొదటిసారి వీధి వాకిట్లోకి వచ్చాను. నా కుర్చీని అరుగు పక్కన వేశారు. అత్తమ్మ అరుగు మీద అనపకాయలు కుప్ప పోసుకుని కూర్చుని ఉంది. నా ఒడిలో చాట పెట్టి, గుప్పెడు గుప్పెడు అందిస్తూ ఉంటే, చీకటి పడేదాకా ఇద్దరం గింజలు వలిచాము.