సెక్వోయా వేలు చూపిన చోట

ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర నేను పనిచేసే బడిలో గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేస్తున్నప్పుడు, ఆయన తలపాగా చూసి నాకు మరో తలపాగా గుర్తుకు వచ్చింది. అది అమెరికా ఆదివాసులైన చెరోకీల భాషకు లిపిని కల్పించిన సెక్వోయాది.

1828లో ఆయన వాషింగ్టన్ వెళ్లినప్పుడు చార్లెస్ బర్డ్ కింగ్ అనే చిత్రకారుడు ఆయన బొమ్మ వేశాడు. అసలు చిత్రం 1865 జనవరిలో అక్కడి స్మిత్సోనియన్ మ్యూజియం భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది కానీ, హెన్రీ ఇన్మన్ అంతకుముందే దానికి వేసిన నకలు మిగిలింది. అందులో సెక్వోయా నోట పొడవాటి పొగగొట్టం (మా ఊరి చుట్ట తాతలు చూస్తే మెచ్చుకునేవారు), మెడలో పతకం, ఒక చేతిలో అక్షరాల పలక, రెండో చేతి వేలు ఆ అక్షరాల మీద. బొమ్మకు కూర్చున్నప్పుడు కూడా ఆయన పాఠం చెబుతున్నట్టే ఉన్నాడు.

ఇంగ్లీషు చదవడం రాని ఆ మనిషి, మొదట మాటకొక గుర్తు పెట్టబోయి, అది తెమలదని గ్రహించి, పలుకుకొక (అంటే క, కి, కు లాంటి ఒక్కో ధ్వనికి) గుర్తు చొప్పున 1821 నాటికి లిపిని పూర్తిచేశాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న గుర్తులు 85. ఇంగ్లీషు డి ఆకారంలో ఉన్నది అక్కడ 'అ', డబ్ల్యూలా ఉన్నది 'ల'. మనకు క, కి, కు అన్నింటిలోనూ క జాడ కనిపిస్తుంది. అక్కడ ఒక్కో పలుకుది ఒక్కో రూపం, గుణింతమూ లేదు, ఒత్తులూ లేవు. బట్టీ పట్టేదాకానే కష్టం.

గిడుగువారు సవర గిరిజనుల దగ్గర వాళ్ల సవర భాష నేర్చుకుని, దాన్ని తెలుగు లిపిలో రాసి, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. నిజానికి సెక్వోయాకు సాటి రాగలవాడు, సవరల్లోనే పుట్టి 1936లో సొరాంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించిన మంగై గొమాంగో. ఆయన పటం మా బడిలో లేదు, గిడుగువారి పటంలో ఒక్క సవర మాటా లేదు.

సెక్వోయా బొమ్మను ప్రింటు తీయించి పక్కన అంటించాను. ఏడో తరగతి పిల్లవాడొకడు, "మాస్టారూ, ఈ తాత చూపిస్తున్నది ఏ అక్షరమండీ?" అని అడిగాడు. నా ప్రింటులో వేలి కింద అంతా మసక. ఈసారి ఫ్లెక్సీ కొట్టులో పెద్దది వేయించాలి.