కారు మీద సన్నగీతలు చేత్తో తీయబోయి

మా కారు నల్లది. కడప దుమ్ముకి నల్ల కారు వద్దురా అని చెప్పినవాళ్లందరి మాటా పెడచెవిన పెట్టి కొన్నా. పగలు నీడలో చూస్తే నిగనిగలాడుతూనే ఉంటుంది. పోయిన నెల ఒక రాత్రి పెట్రోల్ బంకులో లైటు కింద ఆపి, డబ్బులు కట్టి వెనక్కి వస్తుంటే కనపడింది: బానెట్ మీద ఆ లైటు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు, చుట్లు చుట్లుగా. నేను పక్కకి జరిగితే ఆ గూడు కూడా నాతో పాటు జరుగుతోంది. అసలు అవి గుండ్రటి గీతలు కావట. పెయింటు మీద అన్ని దిక్కులకీ అడ్డదిడ్డంగా ఉన్న గీతల్లో, లైటుకి అడ్డంగా పడినవి మాత్రమే మెరుస్తాయి, మిగతావి దాక్కుంటాయి. అందుకే లైటు ఎక్కడుంటే చుట్లు అక్కడ.

ఎవరు గీశారా అని చూస్తే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. మా నాయన. రోజూ పొద్దున్నే కాఫీ తాగి, పాత పంచె ముక్క ఒకటి పట్టుకుని, నీళ్లు చుక్క తగలకుండా కారంతా తుడుస్తాడు. ప్రేమతోనే. కానీ మన దుమ్ములో ఇసుక ఉంటుంది, ఆ ఇసుక రేణువు కారు పెయింటు కంటే చాలా గట్టిది, పొడిగుడ్డతో తుడవడమంటే దాన్ని పట్టుకుని రుద్దడమే. నేనేమీ తక్కువ తినలేదు. వాటర్ సర్వీసింగ్ చేసే చోట ఆ పిల్లవాడు చక్రాలు తోమిన స్పాంజితోనే బానెట్ తోముతుంటే, నేను ఎదురుగా నిలబడి టీ తాగుతూ ఫోన్ చూసుకుంటూ ఉన్నా.

"నాయనా, ఇంక పొడిగుడ్డతో తుడవొద్దు" అన్నా.

"తుడవకుంటే ఎట్లరా? దుమ్ము పట్టుకోని ఉంటే నలుగురు ఏమనుకుంటారు?"

ముందు చవకరకం చిట్కా ఒకటి చేశా. కొబ్బరినూనె రెండు చుక్కలు వేసి రుద్దితే గీతలు మాయం! ఒక్క వారం సంతోషం. షాంపూతో కడగ్గానే మళ్లీ ప్రత్యక్షం. నూనె ఆ గాడుల్లో నిండి కూర్చుంటుంది, అంతే, గీత ఎక్కడికీ పోదు. కొన్ని పాలిష్‌లు కూడా చేసేది ఈ పనే, వాసన మాత్రం బాగుంటుంది.

అప్పుడు నాయన ఒక మాట చెప్పాడు. ఆయన ఎర్రగుంట్ల దగ్గర బండల పాలిష్ మిషన్ మీద చాలా ఏళ్లు పని చేసినాడు, మన ఇళ్లలో పరిచే నల్ల కడప బండ నున్నగా ఎట్లా అవుతుందో ఆయనకి తెలుసు. "గీతను తీసేది అంటూ ఏమీ ఉండదురా. గీత అడుగు దాకా చుట్టూ ఉన్నదాన్ని దించల్ల. ముందు గరుకు రాయి, తర్వాత సన్న రాయి, ఇంకా సన్నది."

కారుకీ సరిగ్గా ఇదే. తేడా ఒక్కటే, బండని ఎంత అరగదీసినా కింద బండే ఉంటుంది. కారు రంగు మీద పైనుండే పారదర్శకమైన పొర, క్లియర్ కోట్ అంటారు, సాధారణంగా 40, 50 మైక్రాన్లు, మన తల వెంట్రుక మందం కంటే తక్కువ. అది అరిగిపోతే కింద రంగే. కాబట్టి గీత మీద గోరు ఆడించి చూశా. గోరు తట్టుకుంటే అది లోతైన గీత, చేత్తో పోదు, వదిలేయడమే మంచిది. తట్టుకోకపోతే ఆశ ఉంది.

ఆదివారం పొద్దున పదింటికి మొదలుపెట్టా, అదే తప్పు. మే నెల ఎండకి బానెట్ మీద అట్టు పోయొచ్చు, కాంపౌండ్, అంటే పెయింటుని సన్నగా అరగదీసే పేస్టు, వేసిన నిమిషానికే ఎండి సున్నంలా పట్టేసింది, దాన్ని వదిలించడానికే గంట. మళ్లీ వారం తెల్లారి ఆరింటికి పోర్టికోలో పెట్టా. రెండు బకెట్లు పెట్టుకుని కడిగా, ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో గుడ్డ జాడించే నీళ్లు. ఎండిపోయిన బోరునీళ్ల మరకలు, తారు చుక్కలు పోనూ పెయింటు ఇంకా చేతికి గరుగ్గానే తగులుతుంటే క్లే బార్‌ని, అంటే పెయింటుకి అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి మట్టిలాంటి ముద్దని, షాంపూ నీళ్లతో తడుపుతూ రుద్దా. ఆ ముద్ద కింద పడితే మాత్రం మొహమాటం లేకుండా పారేయాల్సిందే, దానికి అంటుకున్న ఇసుకతో కొత్త గీతలు పడతాయి. ప్లాస్టిక్ అంచులకి మాస్కింగ్ టేపు వేశా. వేయకపోతే కాంపౌండ్ తెల్లగా వాటిలో ఇరుక్కుని మాటిమాటికీ వెక్కిరిస్తుంది.

ఇక అసలు పని. అడుగున్నర చదరం, అంతకంటే ఎక్కువ పెట్టుకోవద్దు. స్పాంజి ప్యాడ్ మీద బఠాణీ గింజంత కాంపౌండ్ మూడు చుక్కలు, ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా, గుండ్రంగా మాత్రం కాదు. మొదట గట్టిగా, కాంపౌండ్ పలచబడే కొద్దీ మెత్తగా. అయిదారు నిమిషాలు రుద్ది, మైక్రోఫైబర్ గుడ్డని నాలుగు మడతలు పెట్టి తుడిచా, మడత మారుస్తూ. ఫోన్ టార్చి వేసి చూస్తే భలే, గీతలే లేవు! నమ్మలేదు, కొబ్బరినూనె పాఠం గుర్తుంది కదా. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగం నీళ్లు కలిపి తుడిస్తే కాంపౌండ్‌లో ఉన్న నూనె పోయి అసలు మొహం బయటపడింది. సగం గీతలు అక్కడే ఉన్నాయి. మళ్లీ రెండు సార్లు రుద్దాక, నా కంటికి, పదింట ఆరేడు పోయాయి.

బానెట్ నడుమ గట్లలా లేచి ఉన్న చోట, అంచుల దగ్గర పెద్దగా రుద్దలేదు. అక్కడ పెయింటు పలచగా ఉండొచ్చు, చెయ్యి బరువంతా ఆ ఒక్క గట్టు మీదే పడుతుంది. ఒక్క బానెట్‌కే మూడు గంటలు, మర్నాడు కుడి భుజం ఎత్తి జుట్టు దువ్వుకోలేకపోయా. కారు పాలిష్ మిషన్ నిమిషానికి వేలసార్లు తిరిగి చేసే పనిని మనిషి చెయ్యి అంత సమంగా, అంత లోతుగా చేయలేదు, ఒప్పుకోవాలి. కానీ చేత్తో అయితే రాపిడి వేడికి పెయింటు కాల్చేసే భయం దాదాపు లేదు, మొదటిసారి చేసే నాలాంటివాడికి అదే ధైర్యం. తర్వాత సన్న పాలిష్ ఒకటి, ఆపైన వ్యాక్స్. వ్యాక్స్ గీతలు తీయదు, కాసింత కాపాడుతుంది.

మాస్కింగ్ టేపుతో బానెట్‌ని రెండు భాగాలు చేసి, ముందు కుడివైపు మాత్రమే రుద్ది నాయనకి చూపించా. వంగి, టార్చి దగ్గరగా పెట్టి, ఒక వైపు చూసి, ఇంకో వైపు చూసి, "ఇదంతా నేనే గీసినానా?" అన్నాడు. నాకేం చెప్పాలో తెలియక, ఆ వాటర్ సర్వీసింగ్ పిల్లవాడి మీదకి తోసేశా.

ఇప్పుడు ఆయన పొద్దున్నే పైపు పట్టుకుంటున్నాడు. ముందు నీళ్లు కొట్టి దుమ్మంతా దించాక, తడిగుడ్డ. పాత పంచె మాత్రం సైకిల్‌కి మార్చాడు. బోరునీళ్లు ఎండితే తెల్ల మచ్చలు పడతాయి కాబట్టి నేను వెనకాలే మైక్రోఫైబర్‌తో తుడుచుకుంటూ వెళ్తా. నాలుగు తలుపుల్లో మూడు అయ్యాయి. ఎడమవైపు వెనక తలుపు ఇంకా అట్లనే ఉంది, భుజం కుదుటపడ్డాక చూద్దాం.