ఈరోజు బాగా జాడించాను

మంగళవారం, రాత్రి పది కావస్తోంది.

పొద్దున అమ్మ బాల్కనీలో కాటన్ చీరలకు గంజి పెడుతోంది. నేను బయలుదేరే తొందరలో ఉంటే ఆపింది. "ఇంకో బకెట్ నీళ్లు పట్టవే. సబ్బు పోకుండా గంజిలో ముంచితే తెల్ల మచ్చలు పడతాయి." నల్లా కింద బకెట్ పెట్టి నిలబడ్డాను. నిన్న ల్యాబ్‌లో నేను చేసిన తప్పు ఏమిటో అక్కడే తట్టింది.

నా పని మెంబ్రేన్‌లు తయారు చేయడం: మందుగా వాడే యాంటీబాడీలను (రోగక్రిములను పట్టుకునే ప్రోటీన్లను) ద్రవంలోంచి పట్టి వేరుచేసే, సన్నటి రంధ్రాల బిళ్లలు. నిన్నటి మెంబ్రేన్ మూసుకుపోయింది. మూడో పొర వేస్తుండగానే ప్రెషర్ గేజ్ ముల్లు పైకి పోయింది. పంపు ఆపి విప్పి చూస్తే అంచున తెల్లగా, జిగటగా ఏదో పట్టుకుని ఉంది. సాయంత్రం మీటింగ్ ఉందన్న టెన్షన్‌లో పొరకూ పొరకూ మధ్య 20 మిల్లీలీటర్ల నీళ్లు పంపాల్సింది ఐదుతో సరిపెట్టాను. నేను వేసేది మూడు పొరలు: పాలీఅక్రిలిక్ ఆసిడ్, దానిమీద పాలీఇథిలీన్ఇమైన్, మళ్లీ పాలీఅక్రిలిక్ ఆసిడ్. రెండూ పొడవాటి గొలుసుల్లాంటి అణువులు. ఒకదానిది రుణావేశం, రెండోదానిది ధనావేశం. గోడకు అంటుకోకుండా రంధ్రంలో మిగిలిన మొదటిదాన్ని కడిగేయకపోతే, రెండోది వచ్చి దాన్ని నీళ్లలోనే పట్టేసుకుంటుంది. రెండూ కలిసి ఉండ కడతాయి. అమ్మ చెప్పిన తెల్ల మచ్చ అదే.

మెట్టుగూడలో మెట్రో ఎక్కి హబ్సిగూడలో దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. ల్యాబ్‌లోకి వెళ్లగానే చేసిన మొదటి పని, నోట్‌బుక్‌లో నిన్నటి పేజీ కింద కారణం రాసుకోవడం.

మా మెంబ్రేన్ రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్ద నైలాన్ బిళ్ల, అంతే. 25 మిల్లీమీటర్లు. దాని రంధ్రాలు 1.2 మైక్రాన్లు, అంటే 1200 నానోమీటర్లు. యాంటీబాడీ సైజు 10 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, అంటే ఆ రంధ్రంలోంచి హాయిగా దూరిపోతుంది. మొన్న కొత్తగా చేరిన జూనియర్ అమ్మాయి "ఇది జల్లెడ కదక్కా?" అని అడిగింది. కాదు. జల్లెడైతే ఒక్క యాంటీబాడీ కూడా ఆగదు. ఆపేది రంధ్రం గోడకు మేం వేసే పూత, ఆ పూతకు తగిలించే ప్రోటీన్ ఏ అనే ప్రోటీన్.

ప్రోటీన్ ఏ గురించి ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యం తీరదు. అది స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియాది. మన ఒంట్లో యాంటీబాడీ దాని మీదికి వెళితే, ఈ ప్రోటీన్ ఏ యాంటీబాడీ తోక భాగాన్ని పట్టుకుని తలకిందులు చేసేస్తుంది. అలా తప్పించుకోవడానికి ఆ సూక్ష్మజీవి తయారు చేసుకున్న పట్టునే మనిషి తీసుకొచ్చి మందు శుద్ధి చేయడానికి వాడుతున్నాడు. మామూలుగా దాన్ని సన్నటి పూసలకు తగిలించి కాలమ్ అనే గొట్టంలో నింపుతారు. పూసల లోపలి సందుల్లోకి యాంటీబాడీ మెల్లగా వ్యాపించుకుంటూ వెళ్లాలి కాబట్టి ద్రవానికి నిమిషాలు ఇవ్వాలి. మెంబ్రేన్‌లో ద్రవమే దాన్ని మోసుకెళ్లి గోడ పక్కన దింపుతుంది. ఇవాళ నేను పంపిన వేగంలో ద్రవం మెంబ్రేన్‌లో ఉన్నది సుమారు ఒక్క సెకను.

ఇవాళ పొరలన్నీ పీహెచ్ 3 దగ్గరే వేశాను. ఆ పీహెచ్‌లో పాలీఅక్రిలిక్ ఆసిడ్‌కు ఆవేశం తక్కువ, గొలుసులు బిగుసుకోకుండా వదులుగా, మందంగా కూర్చుంటాయి. తర్వాత మామూలు బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) పంపితే ఆవేశం వచ్చి పూత ఉబ్బుతుంది, ప్రోటీన్‌కు లోపల చోటు దొరుకుతుంది. మరీ మందమైతే మాత్రం దారే మూసుకుపోతుంది. పొరకు ఐదు నిమిషాలు, తర్వాత 20 మిల్లీలీటర్ల నీళ్లు. ఫోన్ చూడకుండా పక్కనే కూర్చుని లెక్కపెట్టుకున్నాను. మూడో పొర అయ్యేసరికి ముల్లు కొద్దిగా జరిగి ఆగిపోయింది. అప్పుడు ఊపిరి తీసుకున్నాను.

మధ్యాహ్నమంతా ప్రోటీన్ ఏ తగిలించడంతోనే సరిపోయింది. ఆ రసాయనంతో ఒక చిక్కుంది: పూతను చురుకు చేశాక నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే ఆ చురుకు చచ్చిపోతుంది. అందుకే అన్నిచోట్లా నిదానంగా జాడించినా, ఇక్కడ మాత్రం చప్పున కడిగి వెంటనే ప్రోటీన్ పంపాలి. భోజనం మూడున్నరకు.

నాలుగున్నర దాటాక మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రాము మానవ ఐజీజీ (మన రక్తంలో ఎక్కువగా ఉండే రకం యాంటీబాడీ) పంపాను. బయటికి వచ్చిన ద్రవం 280 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటే అందులో అంత ప్రోటీన్ ఉన్నట్టు. మెంబ్రేన్ ఏమీ పట్టుకోకపోతే ఆ కొలత 0.14 చూపించాలి. మొదటి ట్యూబు సున్నాకు దగ్గర. రెండు, మూడు, ఆరు కూడా అంతే. ఏడో ట్యూబులో కాస్త కనిపించడం మొదలైంది. మిగిలినదంతా కడిగి పీహెచ్ 3 గ్లైసిన్ ద్రావణం పంపితే, పట్టుకున్నది వదిలింది. ఆసిడ్‌లో యాంటీబాడీ ఎక్కువసేపు ఉండకూడదు కాబట్టి ట్యూబుల్లో ముందే ఆసిడ్‌ను విరిచే ట్రిస్ ద్రావణం పోసి పెట్టాను. జూనియర్ అమ్మాయి రీడింగ్ చదువుతూ "అక్కా, వచ్చింది!" అని అరిచింది. నాకూ అరవాలనిపించింది.

ఇది కొన్న శుద్ధమైన ఐజీజీ. అసలు పరీక్ష హ్యామ్‌స్టర్ కణాలు పెరిగిన ద్రవంతో. అందులో ఆ కణాల ప్రోటీన్లు, డీఎన్ఏ అన్నీ ఉంటాయి. చిన్నమ్మకు మూడు వారాలకోసారి ఎక్కించే ట్రస్టుజుమాబ్ అనే క్యాన్సర్ మందు, అదీ ఒక యాంటీబాడీయే, అది కూడా అలాంటి కణాల్లోనే పుడుతుంది. 1998లో అమెరికాలో అనుమతి వచ్చిన మందు. పోయినసారి డ్రిప్ బాటిల్ కింద కూర్చుని ఆ స్పష్టమైన నీళ్లను చూస్తున్నంతసేపూ, అవి అలా కావడానికి ఎన్నిసార్లు కడిగి ఉంటారా అనే ఆలోచిస్తూ ఉన్నాను. ఆ శుద్ధికయ్యే ఖర్చు మందు తయారీ ఖర్చులో పెద్ద భాగం. అది తగ్గాలని నాకు చాలా గట్టిగా ఉంది.

ఇంటికొచ్చేసరికి చీరలు హాల్లో తాడు మీద ఉన్నాయి, వాన వల్ల లోపల వేసింది. ఒక్క మచ్చ లేదు. ఇందాక చిన్నమ్మ ఫోన్ చేసింది. "తిన్నావా?" అని అడిగాక, "శుక్రవారం డ్రిప్‌కు నువ్వే రావే, మీ బాబాయికి సెలవు దొరకలేదట" అంది. వస్తానన్నాను. సెలవు చీటీ రాసి బ్యాగులో పెట్టాను. రెండో మెంబ్రేన్‌కు పొరలు గురువారమే వేసేయాలి.