ఇంగిలాయి రక్తంతో నా ప్రాజెక్టు

చెన్నైలో ఎమ్మెస్సీ జువాలజీ చివరి సెమిస్టర్‌లో మా మేడమ్ నాకు ఇచ్చిన ప్రాజెక్టు ఇంగిలాయి రక్తం. ఇంగిలాయి అంటే హెటెరోప్న్యూస్టెస్ ఫాసిలిస్ అనే చేప. ఈ చేపకి మొప్పల గదుల నుంచి వెనక్కి, ఒంటి కండరాల్లోకి, రెండు పొడవాటి గాలి తిత్తులు ఉంటాయి. మొప్పలున్నా సరే, పైకొచ్చి గాలి గుటకేసి వెళ్తుంది. ఇలాంటి చేపల్లో హిమోగ్లోబిన్, హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే వాటా) మామూలు చేపల కంటే సాధారణంగా ఎక్కువ. బురద నీళ్లలో ఒక గుటకకీ ఇంకో గుటకకీ మధ్య నెట్టుకురావాలి కదా!

చేపల్ని మామయ్య నెల్లూరు నుంచి పినాకిని రైల్లో తెచ్చాడు. క్యాన్ నిండా నీళ్లు పోయొద్దని ముందే చెప్పా. అడుగున కాసిని నీళ్లు, పైన గాలికి చోటు, మూతకి చిల్లులు ఉంటే చాలు. అన్నీ బతికే వచ్చాయి. మెట్రో వాటర్‌లో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందురోజే డ్రమ్ములో పట్టి ఉంచాం. ల్యాబ్ అటెండర్ అన్న మాత్రం చేపల్ని చూడగానే, "పక్క రెక్క ముల్లు జాగ్రత్తమ్మా, గుచ్చిందంటే రాత్రికి నిద్రుండదు" అన్నాడు. నిజమే, ఆ ముల్లులో విషం ఉంటుంది.

రక్తం తీయడం చేత్తో వచ్చే పని, చదివితే రాదు. లవంగ నూనె కలిపిన నీళ్లలో చేప మత్తులోకి జారాక, తోక దగ్గర సూది గుచ్చాలి. ఎముక తగలగానే వెంట్రుకవాసి వెనక్కి లాగితే సిరంజిలోకి ఎర్రగా ఎక్కుతుంది. చేప రక్తం ఇట్టే గడ్డకడుతుంది, అందుకే సిరంజిని ముందే హెపారిన్‌తో తడిపేవాళ్లం. లవంగ నూనెతో ల్యాబంతా బిర్యానీ వాసనే.

అసలు తిప్పలు ఆ తర్వాత మొదలయ్యాయి. మన ఎర్రకణాల్లో కేంద్రకం ఉండదు, చేప ఎర్రకణాల్లో ఉంటుంది. సరదాకి కాస్త రక్తం దగ్గర్లోని డయాగ్నొస్టిక్ సెంటర్‌కి ఇచ్చా. తెల్లకణాల అంకె చూసి అక్కడి టెక్నీషియన్ కంగారుపడి, "పేషెంట్ ఐసీయూలో ఉన్నారా అండీ?" అని అడిగాడు. మిషన్ ఎర్రకణాల పొరని పగలగొట్టాక మిగిలిన కేంద్రకాలన్నిటినీ తెల్లకణాలుగా లెక్కేసింది మరి. అంచేత న్యూబార్ చాంబర్ (కణాలు లెక్కపెట్టే గళ్ల గాజు పలక), మైక్రోస్కోప్, చేతిలో కౌంటర్, అంతే. జీమ్సా రంగు వేసిన స్లైడ్ మీద కోలగా ఉండే కణాలు, వాటి మధ్యలో ఊదారంగు కేంద్రకాలు ముచ్చటగా కనిపిస్తాయి. తెల్లకణాలే ఏడిపించాయి. గడ్డకట్టించే థ్రాంబోసైట్లు చిన్న లింఫోసైట్లనే తెల్లకణాల్లాగే ఉంటాయి, తేడా పట్టాలంటే కళ్లు లాగేస్తాయి.

హిమోగ్లోబిన్‌కీ అదే గొడవ. హిమోగ్లోబిన్ కొలవడానికి వాడే డ్రాబ్కిన్ ద్రావణంలో కణాలు పగిలాక కేంద్రకాల చెత్తతో ద్రవం మసకబారుతుంది. అలాగే 540 నానోమీటర్ల దగ్గర చదివితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ద్రవాన్నే చదవాలి. ఈ ఒక్క మెట్టు గురించి చెప్పని పేపర్లలోని హిమోగ్లోబిన్ అంకెల్ని నేనైతే నమ్మను.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ పట్టుకున్నది హిమటోక్రిట్ పట్టికని. వలతో తరిమి పట్టిన చేపలకి ఒక వరుస, ట్యాంకులో కదిలించకుండా మత్తిచ్చిన వాటికి ఇంకో వరుస పెట్టాను. తరిమిన వాటిలో హిమటోక్రిట్ ఎక్కువొచ్చింది. "ప్లీహం నుంచి కొత్త కణాలు వచ్చుండొచ్చుగా?" అన్నారు. రావచ్చు సార్, కానీ అదొక్కటే అయితే ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) దాదాపు మారకూడదు, ఇక్కడ తగ్గింది అన్నాను. అంటే అడ్రినలిన్ దెబ్బకి ఎర్రకణాలు నీళ్లు పీల్చుకుని ఉబ్బాయి. హిమోగ్లోబిన్ ఉన్నంతే ఉంది, కణం సైజే పెరిగింది. అయితే రెండో వరుసనే అసలు ఫలితంగా పెట్టుకోమన్నారు. థీసిస్‌లో అప్పటికే అలాగే ఉంది.