పాత బిట్టర్ పింటుకు లెక్క కట్టడం ఎలా?

బ్రిటన్ పబ్బుల్లో పార్ట్ టైమ్ చేసే మనవాళ్ళకు కౌంటరు అవతలి పెద్దాయనల నుంచి తరచూ వినబడే మాట: "1970ల్లో బిట్టర్ ఎంత ఘాటు, ఎంత చవక!" బిట్టర్ అంటే కాస్త చేదుగా ఉండే బ్రిటిష్ బీరు రకం. ఊళ్ళో స్ట్రాంగ్ బీరు చూసి వచ్చిన కంటికి 3.7 శాతం ఆల్కహాలున్న బిట్టర్ నీళ్ళలా కనిపిస్తుంది కాబట్టి మనమూ సరే కాబోలనుకుంటాం. కానీ ఆ మాటను లెక్కవేసి తేల్చుకోవచ్చు. కావలసినవి మూడు అంకెలు: పులియకముందు సాంద్రత, పులిశాక సాంద్రత, పింటు ధర.

పాత కాగితాల్లో ఆల్కహాలు శాతం వెతక్కండి, చాలా వరకు ఉండదు. 1880 నుంచి 1993 దాకా ఇక్కడ బీరు సుంకం వేసింది పులియకముందు సాంద్రత మీదే. నీటికి 1000 అయితే, మాల్టు నానబెట్టి తీసిన తీపి ద్రావణం 1037 ఉంటే అది 37 డిగ్రీల బీరు. ఈస్ట్ వేసిన తొట్టెలో దాన్ని కొలిచి, వృథా కింద 6 శాతం తగ్గించి సుంకం కట్టించుకునేవారు. మామూలు బిట్టర్ 1035 నుంచి 1038, మంచి బిట్టర్ 1040 నుంచి 1048 మధ్య ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు సగటు 1050 దాటి ఉండగా, యుద్ధం ముగిసేసరికి 1030 దగ్గరికి పడిపోయింది. కాబట్టి డెబ్భైల బిట్టర్‌ను ఘాటైన పాతకాలపు బీరు అనడం సరికాదు. పెద్ద పతనం అప్పటికి యాభై ఏళ్ళ కిందటే జరిగిపోయింది.

అసలు కిటుకు రెండో అంకెలో ఉంది. సుంకం పడేది పులియకముందు ఉన్న చక్కెర మీద, తాగేవాడికి దక్కేది పులిశాక వచ్చే ఆల్కహాలు. 1037తో మొదలై 1009 దగ్గర ఆగితే తేడా 28 డిగ్రీలు. ఈ స్థాయి బీర్లకు దాన్ని 0.129తో గుణిస్తే దాదాపు సరిపోతుంది: 3.6 శాతం. అదే 1037 బీరు 1004 దాకా దిగితే తేడా 33, ఆల్కహాలు 4.3 శాతం. సుంకం మాత్రం ఒక్కటే. నోటికి మొదటిది తీపిగా, నిండుగా. రెండోది పొడిగా, తేలిగ్గా తగులుతుంది. నాలుకతో బలం అంచనా వేస్తే తప్పేది ఇక్కడే.

ఇప్పుడు ధర. లెక్క కోసం మూడు పింట్లు అనుకుందాం. ఒకటి 1037, 1009 దగ్గర ఆగింది, 11 పెన్స్. రెండోది 1045, 1011 దగ్గర ఆగింది, 14 పెన్స్. మూడోది 1037, 1004 దాకా దిగింది, ఇదీ 11 పెన్సే. డిగ్రీలను ధరతో భాగిస్తే మొదటిదానికీ మూడోదానికీ 3.36, రెండోదానికి 3.21. పింటు 568 మి.లీ., అందులో అచ్చం ఆల్కహాలు వరసగా 20.5, 24.9, 24.2 మి.లీ. పెన్నీకి చూస్తే 1.86, 1.78, 2.20. సాంద్రత ఒక్కటే చూసినవాడికి ఒకటీ మూడూ సమానం. నిజానికి పెన్నీకి ఎక్కువ ఇచ్చేది మూడోదే.

1971 ఫిబ్రవరి 15కు ముందటి ధరయితే ముందు దాన్ని మార్చుకోవాలి. అప్పటిదాకా పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, అంటే పౌనుకు 240. ఆ రోజు నుంచి పౌనుకు 100 కొత్త పెన్స్. అణాల నుంచి నయా పైసలకు మారిన మన పెద్దలకు ఇది కొత్త కాదు. 1 షిల్లింగు 10 పెన్నీలంటే 22 పాత పెన్నీలు, 2.4తో భాగిస్తే 9.2 కొత్త పెన్స్. షిల్లింగుకు 10 పెన్నీలనుకుంటే లెక్క మొత్తం చెడుతుంది.

సీసాలోనో పీపాలోనో మిగిలిన బీరు నుంచి మొదటి సాంద్రత తెలుసుకోవాలంటే సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ముంచితే చాలదు. గ్యాసు పూర్తిగా పోగొట్టి, కొలిచిన బీరును మరిగించి, ఆవిరిని చల్లార్చి దింపాలి (డిస్టిల్ చేయాలి). దిగిన ద్రవాన్ని నీటితో మొదటి పరిమాణానికి నింపి దాని సాంద్రత చూడాలి. అది 1000 కంటే ఎంత తక్కువుందో దాన్ని ఇందుకోసం ఉన్న పట్టికలో చూస్తే పులియడంలో పోయిన డిగ్రీలు వస్తాయి. అడుగున మిగిలినదాన్నీ అలాగే నింపి కొలిచి, రెండూ కలపాలి. బీరు పాడై పుల్లబడి ఉంటే కొంత ఆల్కహాలు అప్పటికే ఆమ్లంగా మారి ఉంటుంది; ఆ సవరణ చేయకపోతే బీరు అసలుకంటే పల్చనని తేలుతుంది. కాస్క్ బీరు (ఈస్ట్ తీసేయకుండా పీపాకెత్తిన బీరు) పీపాలోనూ కాస్త పులుస్తూనే ఉంటుంది కనుక, బ్రూవరీ నుంచి బయలుదేరినప్పటి అంకె, నాలుగు రోజుల తర్వాత పంపులోంచి తీసినప్పటి అంకె ఒకటి కావు.

గ్లాసు సంగతీ మరవకూడదు. అంచు దాకా కొలత ఉన్న గ్లాసులో 5 శాతం నురగ ఉంటే చేతికొచ్చేది 540 మి.లీ. గీత ఉన్న గ్లాసులో నురగ గీత పైన కూర్చుంటుంది, బీరు పూర్తిగా దక్కుతుంది. ఇక ఒకే పబ్బులో, ఒకే పీపా నుంచి వచ్చిన పింటుకు పబ్లిక్ బార్ అనే సాదా గదిలో ఒక ధర, తివాచీ పరిచిన సెలూన్ బార్ అనే గదిలో ఒకటి రెండు పెన్నీలు ఎక్కువ ఉండేది. రెండు పాత ధరలు పక్కపక్కన పెట్టేముందు రెండూ ఒకే గదివో కాదో చూసుకోవాలి.