పిట్ట రెక్క మూలకెందుకు పోయింది? లేయర్ల కోసం రాసుకున్న చిన్న స్క్రిప్టులు

మొదటి ఆదివారం

మూడు సెకన్ల యానిమేషన్. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున మొత్తం 90. పిట్ట ఎగిరొచ్చి కొమ్మ మీద వాలాలి, అంతే. లాటీ ఫైలుగా (వెబ్‌లో, యాప్‌లలో ఆడే యానిమేషన్ ఫైలు) ఎక్స్‌పోర్ట్ చేశాక, పనికిరావనిపించిన రెండు లేయర్లను (బొమ్మలోని విడివిడి పొరలు) ఆ ఫైల్లోంచి చేత్తో తీసేశాను. మళ్లీ ప్లే చేస్తే పిట్ట కొమ్మ మీదే ఉంది గానీ ఎడమ రెక్క మాత్రం తెర పైన ఎడమ మూలలో ఒంటరిగా కొట్టుకుంటోంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత చిరాకేసింది.

లాటీ అంటే జేసన్ ఫైలే (డేటాను మామూలు అక్షరాల్లో రాసే పద్ధతి) కాబట్టి తెరిచి చదవొచ్చు. కానీ మొత్తం ఒకే లైనులో ఉంటే ఏం చదువుతాం? పైథాన్‌లో ఓ ఇరవై లైన్లు రాశాను. ఒక్కో లేయరు నంబరు, పేరు, రకం, పేరెంట్ (ఈ లేయరు ఏ లేయరును అంటిపెట్టుకుని కదులుతుందో అది) నంబరు వరసగా ప్రింట్ చేస్తుంది. ఫైల్లో రకం అంకెగానే ఉంటుంది (0 ప్రీకాంప్, అంటే లోపల వేరే లేయర్లున్న లేయరు; 3 నల్, అంటే తెర మీద కనిపించని ఖాళీ లేయరు; 4 షేప్; 5 టెక్స్ట్). వాటిని మాటల్లోకి మార్చడమే అసలు సుఖం.

ఎడమ రెక్కకు పేరెంట్ 12. ఫైల్లో 12 లేనే లేదు! నేను తీసేసిన నల్ అదే. రెక్క పొజిషన్ అంకెలు పేరెంట్ నుంచి కొలిచినవి. పేరెంట్ పోయాక ప్లేయరు వాటినే తెర మూల నుంచి కొలిచింది.

బుధవారం రాత్రి

జాబితాను చెట్టులా మార్చాను, పిల్ల లేయర్లు పేరెంట్ కింద కాస్త లోపలికి జరిగి కనిపిస్తాయి. లేని పేరెంట్ పక్కన మూడు నక్షత్రాలు. పరీక్ష కోసం రెండు లేయర్లను ఒకదానికొకటి పేరెంట్‌గా పెడితే స్క్రిప్టు తిరుగుతూనే ఉండిపోయింది. చూసిన నంబర్లను ఒక సెట్‌లో దాచితే సరిపోయింది.

రెండో ఆదివారం

ఈసారి నీడ మాయం. ఐపీ, ఓపీ అంటే లేయరు ఏ ఫ్రేములో మొదలై ఏ ఫ్రేములో ఆగుతుందో చెప్పేవి. ఓపీలో ఉన్న ఫ్రేము లెక్కలోకి రాదు, దాని ముందుదాకే లేయరు కనిపిస్తుంది. ఫ్రేము నంబరు ఇస్తే అప్పుడు కనిపించాల్సిన లేయర్లు చెప్పే స్క్రిప్టు రాశాను. ఫ్రేము 60కి నీడ లేదంది. 20కి ఉందంది, తెర మీద చూస్తే అక్కడా లేదు. అంటే స్క్రిప్టుదే తప్పు.

పొరపాటు తెలియడానికి గంటన్నర పట్టింది. నీడ ఒక ప్రీకాంప్ లోపల ఉంది. లోపల దాని సమయం 0 నుంచి 30. ఆ ప్రీకాంప్ ఎస్‌టీ (లోపలి సమయం మొదలయ్యే ఫ్రేము) విలువ 40, అంటే లోపలి 0 బయట 40 అవుతుంది. కాబట్టి నీడ 40 నుంచి 70 దాకా ఉండాలి. ఈ 40 కలపడం నేను మర్చిపోయాను. ప్రీకాంప్ లోపల ఇంకో ప్రీకాంప్ ఉంటే రెండూ కలపాలి. సాగదీసిన లేయరైతే గుణకారం కూడా ఉంటుంది, నా ఫైల్లో లేదు కాబట్టి వదిలేశాను.

స్క్రిప్టు సరయ్యాక ఫ్రేము 60కి నీడ ఉందంది, తెర మీద మాత్రం లేదు. చూస్తే దాని పేరెంట్ స్కేల్ (సైజు) అక్కడ సున్నా. ఒపాసిటీ (ఎంత గాఢంగా కనిపించాలో చెప్పేది) పేరెంట్ నుంచి పిల్లకు రాదు గానీ స్కేల్ వస్తుంది. ఇప్పుడు స్కేల్ సున్నా అయిన పేరెంట్ల పేర్లు కూడా ప్రింట్ అవుతున్నాయి.

ఈ స్క్రిప్టులేవీ అసలు ఫైలును ముట్టుకోవు, చదివి చెప్తాయంతే. చేత్తో కెలికి ఒకసారి దెబ్బతిన్నాను కదా. తర్వాత ట్రాక్ మ్యాట్‌ల (ఒక లేయరుతో ఇంకో లేయరును కత్తిరించి చూపేవి) పని పట్టాలి, కొమ్మ ఆకుల అంచులు ఎక్కడో తప్పుగా కట్ అవుతున్నాయి.